కోడి కాళ్లకు పసుపు రంగు ఎలా వచ్చింది? యానాంలో పనిచేసిన ఫ్రెంచి అధికారికి, గుడ్డులోని పచ్చసొనకు సంబంధం ఏమిటి?

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన, చెన్నై వెళ్లే తూర్పు తీర రహదారి మీద ఉన్న కాలాపేటలో కోడిగుడ్డు కావాలంటే ‘ముట్టై’ అని అడగాలి. 1985లో ఏర్పడిన పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. యానాం నుంచి, తెలుగు రాష్ట్రాల నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చేవారికి ఆ మాట కొత్తది. కోడి పేరు విషయంలో మాత్రం అంత ఇబ్బంది లేదు. తెలుగులో అది కోడి, తమిళంలో కోళి.

ఈ రెండూ ఒకే మూలపదం నుంచి వచ్చినవే. తమిళులు నాలుకను వెనక్కి మడిచి పలికే ఒక ప్రత్యేకమైన ‘ళ’కారం తెలుగులో చాలాచోట్ల ‘డ’గా మారింది. వారి ‘ఏళు’ మన ‘ఏడు’. వారి ‘చోళ’ తెలుగు శాసనాల్లో ‘చోడ’. ద్రావిడ భాషలు వేర్వేరు కాకముందే ఈ పక్షికి ఒక పేరు ఉండేదని దీన్నిబట్టి భాషావేత్తలు భావిస్తారు. అయితే ఆ పేరు మొదట పెరట్లో తిరిగే కోడిదా, లేక దక్షిణాది అడవుల్లో అంతకుముందు నుంచీ ఉన్న అడవి కోడిదా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. ఎందుకంటే దక్షిణ భారతానికి సొంతమైన అడవి కోడి ఒకటి ఉంది. దాని శాస్త్రీయ నామంలో పుదుచ్చేరి చరిత్రతోనూ, యానాం చరిత్రతోనూ ముడిపడిన ఒక ఫ్రెంచివాడి పేరు ఉంది. నేడు మనం కొనే గుడ్డును పెట్టిన కోడి ఒంటిలో ఆ అడవి పక్షి జన్యువు కూడా ఉంది.

సొన్నెరా చూసిన అడవి కోడి

పియర్ సొన్నెరా 1748లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జన్మించారు. ప్రకృతి పరిశీలకుడిగా ఆగ్నేయాసియా దీవులు తిరిగి, 1774 నుంచి 1781 వరకు ఇండియా, చైనా ప్రాంతాల్లో ప్రయాణించారు. ఆ యాత్రా విశేషాలను 1782లో పారిస్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించారు. ఆ తర్వాత మళ్లీ ఇండియాకు వచ్చి సుదీర్ఘకాలం పుదుచ్చేరి ప్రాంతంలో గడిపారు. ఫ్రెంచి విప్లవం నాటి రోజుల్లో గోదావరి తీరంలోని యానాం స్థావరానికి అధికారిగా కూడా ఉన్నారు. 1814లో మరణించారు.

ఆ 1782 నాటి గ్రంథంలో ఆయన దక్షిణ భారత అడవుల్లో తిరిగే ఒక కోడిని వర్ణించారు. బూడిద రంగు శరీరం, మెడ మీది ఈకల చివర మైనం బొట్టు అద్దినట్టు మెరిసే పసుపు చుక్కలు దాని గుర్తులు. ఇళ్లలో పెంచే కోళ్లన్నిటికీ మూలం ఈ పక్షేనని సొన్నెరా అభిప్రాయపడ్డారు. 1813లో డచ్ పక్షిశాస్త్రవేత్త టెమ్మింక్ ఈ జాతికి ‘గాలస్ సొన్నెరటీ’ అని పేరు పెట్టారు. తెలుగువారికి అది అడవి కోడి.

సొన్నెరా అభిప్రాయం ఎక్కువ కాలం నిలవలేదు. 1868లో ప్రచురించిన గ్రంథంలో చార్లెస్ డార్విన్ ఈ విషయాన్ని విస్తారంగా చర్చించి, పెంపుడు కోళ్లకు మూలం ఎర్ర అడవి కోడి మాత్రమేనని తేల్చారు. బూడిద రంగు అడవి కోడి కూత వేరు, మెడ ఈకలు వేరు. పెంపుడు కోడితో జతకట్టినా ఆ సంకర సంతానం తేలికగా వృద్ధి చెందదు. ఈ కారణాలతో ఆయన సొన్నెరా పక్షిని కోడి వంశవృక్షం నుంచి తొలగించారు. ఆ తర్వాత దాదాపు 140 ఏళ్ల పాటు పాఠ్యపుస్తకాలు అదే చెప్పాయి.

2008లో కథ మలుపు తిరిగింది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో జరిగిన ఒక అధ్యయనం, కోడి చర్మానికి, కాళ్లకు పసుపు రంగునిచ్చే జన్యుభాగాన్ని గుర్తించింది. ఎర్ర అడవి కోడి కాళ్లు బూడిద రంగులో ఉంటాయి. ఆ పసుపుకు కారణమైన జన్యు రూపం ఎర్ర అడవి కోడి వంశంలోనిది కాదనీ, సొన్నెరా వర్ణించిన బూడిద రంగు అడవి కోడి నుంచే వచ్చి ఉండాలనీ పరిశోధకులు తేల్చారు. వాణిజ్యపరంగా పెంచే కోళ్లలో అత్యధిక భాగానికి ఈ పసుపు ఉంది.

అంటే మూల జాతి విషయంలో డార్విన్ మాటే నిలిచింది. ఎర్ర అడవి కోడే ప్రధాన పూర్వీకురాలని 2020లో వందలాది కోళ్ల జన్యుపటాలను పోల్చి చూసిన అధ్యయనం మరోసారి నిర్ధారించింది. ఆ జాతిలోనూ నైరుతి చైనా, మియన్మార్, ఉత్తర థాయిలాండ్ ప్రాంతాలలోని ఉపజాతికి పెంపుడు కోడి అత్యంత దగ్గరి బంధువని అది పేర్కొంది. కోడిని మచ్చిక చేసుకున్న కాలం కూడా అనుకున్నంత ప్రాచీనం కాదు. థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన సుమారు 3,500 ఏళ్ల నాటి ఎముకలే కచ్చితంగా పెంపుడు కోడివని చెప్పదగినవాటిలో అన్నిటికన్నా పాతవని 2022లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. వరి, చిరుధాన్యాల సాగు మొదలయ్యాక గింజల కోసం చెట్లు దిగి పొలాల దగ్గరికి వచ్చిన పక్షే క్రమంగా ఇంటి కోడి అయిందన్నది ఆ పరిశోధకుల ఊహ.

అలా తూర్పు నుంచి వచ్చిన కోడి, దక్షిణాసియాలో బూడిద రంగు అడవి కోడితో ఎక్కడో ఒకచోట కలిసింది. సొన్నెరా పూర్తిగా ఒప్పు కాకపోయినా, పూర్తిగా తప్పు కూడా కాలేదు.

కాళ్ల పసుపు గుడ్డులోకి దిగుతుంది

ఈ పసుపు రంగును కోడి శరీరం తయారు చేసుకోలేదు. అది మేత నుంచి రావలసిందే. ఆకుకూరలు, గడ్డి, పచ్చ మొక్కజొన్న వంటివాటిలో కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు ఉంటాయి. ఎర్ర అడవి కోడి చర్మంలో వాటిని విరిచే ఎంజైమ్ ఒకటి పనిచేస్తుంది కాబట్టి రంగు నిలవదు. అడవి కోడి నుంచి వచ్చిన జన్యురూపం ఉన్న కోళ్లలో చర్మం వరకు ఆ ఎంజైమ్ పని మందగిస్తుంది. మేతలోని పసుపు చర్మంలో, కాళ్ల పొలుసుల్లో, ముక్కులో పేరుకుంటుంది. ఈ లక్షణం కనిపించాలంటే తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి కూడా ఆ జన్యురూపమే రావాలి.

మరి ఇది అంతగా ఎందుకు వ్యాపించింది? బాగా తిని ఆరోగ్యంగా ఉన్న కోడి కాళ్లు నిగనిగలాడే పసుపుతో కనిపిస్తాయి. పూర్వం కోళ్లను పెంచినవారు అలాంటివాటినే ఎంచి అట్టిపెట్టుకుని ఉండవచ్చునని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. సంతలో కోడిని కొనేవారు దాని కాళ్లు పట్టుకుని చూడటం వెనుక ఎన్ని వందల ఏళ్ల అనుభవం ఉందో చెప్పడం కష్టం.

గుడ్లు పెట్టడం మొదలయ్యాక ఈ పసుపు నిల్వ కరగడం ప్రారంభిస్తుంది. మేతలో వచ్చే రంగు పచ్చసొనకు మళ్లిపోవడంతో చర్మంలోని పాత రంగు భర్తీ కాదు. ఈ వెలవెలబోవడానికి ఒక వరుస ఉంది. మొదట గుడ్డు వెలువడే ద్వారం చుట్టూ, తర్వాత కంటి చుట్టూ, ఆపైన చెవితమ్మెలు, ముక్కు, చివరికి కాళ్లు తెల్లబడతాయి. ముక్కు తెల్లబడటానికి వారాలు, కాళ్లు తెల్లబడటానికి నెలలు పడుతుంది. గుడ్లు పెట్టడం ఆగితే అదే వరుసలో రంగు తిరిగి వస్తుంది.

అందుకే పెద్ద తరాజు, లెక్కల పుస్తకం ఏదీ లేకుండానే కోడిని చేతిలోకి తీసుకుని అది ఎంతకాలంగా గుడ్లు పెడుతోందో అనుభవజ్ఞులు చెప్పగలుగుతారు. పాలిపోయిన కాళ్ల కోడి జబ్బుదని వదిలేసి, పచ్చని కాళ్ల కోడిని ఎంచుకునే కొత్తవారు ఒక్కోసారి బాగా గుడ్లు పెట్టేదాన్ని వదిలి, పెట్టనిదాన్ని ఇంటికి తెచ్చుకుంటారు.

ముదురు రంగు సొన బలమైనదేనా?

‘నాటుకోడి గుడ్డు సొన ఎర్రగా ఉంటుంది, ఫారం గుడ్డు సొన పాలిపోయి ఉంటుంది’ అన్నది తెలుగు ఇళ్లలోనూ, తమిళ ఇళ్లలోనూ వినిపించే మాట. దీనిలో కొంత నిజముంది. బయట తిరిగి గడ్డి, ఆకు, పురుగు ఏరుకు తినే కోడికి కెరోటినాయిడ్లు ఎక్కువ అందుతాయి కాబట్టి సొన ముదురు రంగులో ఉంటుంది. కానీ అదే రంగును దాణా ద్వారా కూడా రప్పించవచ్చు. పసుపు మొక్కజొన్న ఎక్కువగా వేసినా, బంతిపూల నుంచి తీసిన సారాన్ని కలిపినా సొన నారింజ రంగుకు తిరుగుతుంది. జొన్న, నూకల వంటి లేతరంగు గింజలు వేస్తే పాలిపోతుంది. సొన రంగును పోల్చి చూసుకోవడానికి కోళ్ల పరిశ్రమలో విసనకర్రలా విప్పే రంగుల పట్టీ ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. కొనుగోలుదారు ఏ సంఖ్య రంగు కోరితే ఆ రంగు సొన వచ్చేలా దాణాను సరిచేయవచ్చు.

కాబట్టి సొన రంగు కోడి ఏం తిన్నదో చెబుతుంది. గుడ్డులోని మాంసకృత్తులు ఎంత అన్నది ఆ రంగును బట్టి తెలియదు. మామూలు పరిమాణంలో ఉన్న ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, బీ12, డీ విటమిన్లు, కోలిన్ ఉంటాయి. విటమిన్ సీ మాత్రం దాదాపు ఉండదు. కోడి తనకు కావలసిన విటమిన్ సీని తానే తయారు చేసుకోగలదు కాబట్టి పిల్ల కోసం గుడ్డులో దాచవలసిన అవసరం దానికి లేకపోయింది.

పెంకు రంగు వెనుక కథ

గోధుమ రంగు పెంకు ఉంటే నాటు గుడ్డని, తెల్లగా ఉంటే ఫారం గుడ్డని అనుకోవడం మరింత పెద్ద అపోహ. దానికి కొనుగోలుదారులు డబ్బు రూపంలో మూల్యం చెల్లిస్తుంటారు.

పెంకు రంగును నిర్ణయించేది కోడి జాతి. తెల్ల లెగ్‌హార్న్ వంశపు కోళ్లు తెల్ల గుడ్లు పెడతాయి. అవి పెరట్లో తిరిగినా అంతే, బోనులో ఉన్నా అంతే. గోధుమ రంగు గుడ్లు పెట్టే వాణిజ్య జాతులు కూడా అనేకం ఉన్నాయి. యూరప్‌లో చాలా దేశాల దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి అవే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలక సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన గ్రామప్రియ కోడి గోధుమ రంగు గుడ్లే పెడుతుంది. ఇదే సంస్థ అందించిన మరో కోడి వనరాజా. ఇవి పెరట్లో పెరగగల కోళ్లే అయినా, వంశపరంగా నాటుకోళ్లు కావు. మరోవైపు అసలైన నాటుకోళ్లలో చాలావాటి గుడ్లు లేత మీగడ రంగులో ఉంటాయి.

గోధుమ రంగు గుడ్డు బయటికి రావడానికి కొద్ది గంటల ముందు పెంకు మీద పూతలా పడుతుంది. అందుకే పెంకు లోపలి వైపు తెల్లగానే ఉంటుంది. దక్షిణ అమెరికాకు చెందిన అరౌకానా జాతి పెట్టే నీలి గుడ్డు అలా కాదు. ఆ రంగు పెంకు మందమంతటా వ్యాపించి ఉంటుంది. ఎప్పుడో కోడి జన్యువుల్లోకి చొరబడి స్థిరపడిన ఒక వైరస్ ముక్క వల్లే ఈ నీలి రంగు పుట్టిందని 2013లో తేలింది. చైనాలోని డాంగ్‌షియాంగ్ కోళ్లలో కూడా అదే వైరస్ జాతి వేరుగా చొరబడి అదే ఫలితాన్ని ఇచ్చింది.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కోడి గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆ కోడి చర్మం, మాంసం నల్లగా ఉంటాయి. దాని గుడ్డు మాత్రం లేత గోధుమ రంగులోనే ఉంటుంది. నల్లటి పెంకున్న గుడ్ల ఫొటోలను కడక్‌నాథ్ గుడ్లుగా చూపుతూ ఎవరైనా అమ్మజూపితే నమ్మవలసిన పని లేదు.

పెంకు కోసం ఎముక

గుడ్డు తయారీకి కోడి శరీరం 24 నుంచి 26 గంటలు తీసుకుంటుంది. దానిలో సుమారు 20 గంటలు ఒక్క పెంకుకే పోతాయి. పచ్చసొన అండాశయం నుంచి విడుదలై అండవాహికలోకి జారాక తెల్లసొన చుట్టుకోవడానికి మూడు గంటలు చాలు. ఆపైన పలుచని పొరలు ఏర్పడతాయి. చివరగా పెంకు. కోడికి పనిచేసే అండాశయం ఎడమ వైపున ఒక్కటే ఉంటుంది. ఒక గుడ్డు పూర్తి కావడానికి రోజు కన్నా కాస్త ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, కోడి ప్రతిరోజూ ముందు రోజు కన్నా కొంచెం ఆలస్యంగా పెడుతూ, చివరికి ఒక రోజు పెట్టకుండా ఆగి మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది.

పెంకులో అత్యధిక భాగం కాల్షియం కార్బనేటే. ఒక్కో గుడ్డుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. ఇది కోడి అస్థిపంజరంలో ఉన్న మొత్తం కాల్షియంలో దాదాపు పదో వంతుకు సమానం. పైగా పెంకు ఎక్కువ భాగం రాత్రిపూట, కోడి మేత ముట్టని వేళ ఏర్పడుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఆడ పక్షుల ఎముకల లోపల, గుడ్లు పెట్టే కాలంలో మాత్రమే, ఒక ప్రత్యేకమైన మెత్తని ఎముక పెరుగుతుంది. పగలు దానిలో కాల్షియం జమ అవుతుంది, రాత్రి దాన్నుంచి ఖర్చవుతుంది. అమెరికాలోని మాంటానాలో దొరికిన టైరనోసారస్ రెక్స్ తొడ ఎముకలో ఇలాంటి కణజాలాన్నే గుర్తించినట్టు 2005లో మేరీ ష్వైట్జర్ బృందం ప్రకటించింది. ఆ డైనోసార్ ఆడదని, గుడ్లు పెట్టే దశలో ఉందని వారు చెప్పడానికి ఆధారం అదే.

అడవిలోని ఎర్ర కోడి ఏడాదికి పది, పదిహేను గుడ్లు పెడుతుంది. దాని ఎముకలకు ఆ భారం పెద్దది కాదు. నేటి వాణిజ్య కోడి మొదటి ఏడాదిలోనే 300కు పైగా పెడుతుంది. దాణాలో సున్నపురాయి, గుల్ల పొడి కలిపి ఇచ్చినా ఎముకలు గుల్లబారడం, రొమ్ము ఎముక విరగడం పలు దేశాల్లో ఫారాల కోళ్లలో కనిపిస్తున్న సమస్య. కోడి వయసు పెరిగేకొద్దీ గుడ్డు పరిమాణం పెరుగుతుంది, పెంకుకు అందే కాల్షియం మాత్రం ఆ మేరకు పెరగదు. అందువల్ల ట్రేలో పెద్ద గుడ్లకే ముందు బీటలు పడతాయి. అవి ముదురు వయసు కోళ్లవి.

పుంజు లేని గుడ్డు, పొదగని పెట్ట

గుడ్డు శాకాహారమా, మాంసాహారమా అన్న వాదనకు దక్షిణాదిలో అంతు లేదు. దానికి తీర్పు చెప్పడం శాస్త్రం పని కాదు. అయితే ఒక విషయం స్పష్టం: గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజు అవసరం లేదు. దుకాణాల్లో అమ్మే ఫారం గుడ్లు పుంజు పొడ లేని పెట్టలు పెట్టినవి. వాటిని ఎంత వెచ్చగా పొదిగినా పిల్ల రాదు. పెరటి కోళ్ల సంగతి వేరు. పెట్ట తన శరీరంలోని సన్నని గొట్టాల్లో పుంజు బీజాన్ని రెండు, మూడు వారాల వరకు దాచుకోగలదు. పుంజును అమ్మేసిన తర్వాత కూడా కొన్నాళ్లపాటు పిల్లలయ్యే గుడ్లు వస్తూ ఉండటానికి కారణం ఇదే.

పల్లెల్లో నాటుకోడి పది, పదిహేను గుడ్లు పెట్టగానే పొదగడానికి కూర్చుంటుంది. 21 రోజులు గుడ్లను వదలకుండా కాచి, పిల్లలు దిగాక వాటిని వెంట తిప్పుకుంటుంది. అన్నాళ్లూ కొత్త గుడ్డు ఉండదు. ఇంటివాళ్ల దృష్టిలో అది మంచి తల్లి, గుడ్ల వ్యాపారి దృష్టిలో పనిమానేసిన కోడి. వాణిజ్య జాతుల్లో ఈ పొదిగే స్వభావాన్ని తరతరాల ఎంపికతో దాదాపుగా తొలగించారు. తెల్ల లెగ్‌హార్న్ పెట్టకు గుడ్ల మీద కూర్చోవాలన్న ధ్యాసే అరుదు.

ఆ మార్పు లేకుండా తెలుగు నేల గుడ్ల కేంద్రంగా మారి ఉండేది కాదు. కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలో ఉత్పత్తి అయిన గుడ్లు 14,277 కోట్లు. దానిలో 17.85 శాతంతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో, 15.64 శాతంతో తమిళనాడు రెండో స్థానంలో, 12.88 శాతంతో తెలంగాణ మూడో స్థానంలో ఉన్నాయి. అంటే దేశంలోని గుడ్లలో దాదాపు సగం ఈ మూడు రాష్ట్రాలవే. ధరను దళారులు నిర్ణయిస్తుండగా రైతులు నష్టపోతున్న రోజుల్లో, బి.వి. రావు చొరవతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. నామక్కల్, విజయవాడ, చిత్తూరు, హైదరాబాద్ వంటి కేంద్రాలకు వంద గుడ్ల లెక్కన ధర వెలువడటం అప్పటి నుంచి ఒక రివాజయింది.

ఈ పరిశ్రమ అంతగా మాట్లాడని విషయం ఒకటుంది. గుడ్ల జాతి పెట్టలు కావాలంటే గుడ్లు పొదిగించాలి. పొదిగిన వాటిలో సగం పుంజు పిల్లలే వస్తాయి. అవి గుడ్లు పెట్టవు, మాంసం కోసం పెంచే బ్రాయిలర్లలా త్వరగా ఎదగవు. అందువల్ల ప్రపంచవ్యాప్తంగా హేచరీల్లో వాటిని పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి నుంచి దీన్ని నిషేధించింది. పిల్ల పెరగకముందే గుడ్డులోనే ఆడ, మగ తేడా గుర్తించే యంత్రాలు అక్కడ వాడుకలోకి వచ్చాయి. మన దేశంలో గుడ్ల కోళ్ల బోనుల్లో ఒక్కో కోడికి దక్కే చోటు సాధారణంగా ఏ4 కాగితమంత కూడా ఉండదు. ఈ పరిస్థితి మార్చాలంటూ లా కమిషన్ 2017లో తన 269వ నివేదికలో సిఫారసులు చేసింది.

పుంజు మొదట ఎందుకు కూస్తుంది?

పిల్లల్లో పుంజుకు విలువ లేకుండా చేసిన తెలుగు నేలే, పుంజుల గురించి కుక్కుట శాస్త్రం రాసుకుంది. ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అంటూ పేర్లు పెట్టి, ఏ రోజు ఏ రంగుది గెలుస్తుందో లెక్కలు కట్టింది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి కోడిపందెమే నిప్పు రాజేసిందని వీరగాథలు చెబుతాయి. జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పందేలు నేరమే అయినా సంక్రాంతి నాడు గోదావరి జిల్లాల్లో అవి ఆగిన దాఖలాలు తక్కువ.

పుంజు తెల్లవారుజామున కూయడానికి వెలుగు కారణం కాదు. ఎప్పుడూ ఒకేలా మసక వెలుతురు ఉండే గదిలో ఉంచినా అవి వేళకు కూశాయని, వాటి ఒంట్లోనే గడియారం ఉందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపారు. 2015లో వారే మరో సంగతి బయటపెట్టారు. మందలో పెద్దరికం ఉన్న పుంజు ముందు కూస్తుంది. మిగతావి హోదాను బట్టి ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటాయి. పెద్ద పుంజును తీసేస్తే ఆ వంతు రెండోదానికి వస్తుంది. కోళ్లలో పొడిచే హక్కు ఎవరికి ఎవరి మీద ఉందో తెలిపే ఈ అంతస్తుల క్రమాన్ని 1921లో నార్వేకు చెందిన షెల్డెరప్-ఎబ్బె మొదట వివరించారు. కూసేటప్పుడు తన కూతకు తన చెవులే దెబ్బతినకుండా, ముక్కు పూర్తిగా తెరవగానే చెవి రంధ్రం మూసుకుపోయే ఏర్పాటు కూడా పుంజుకు ఉంది.

అడవి కోడికి తిరిగి వస్తున్న అప్పు

సొన్నెరా పేరున్న అడవి కోడి కూత ఇంటి పుంజు కూతలా సాగదు, ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. పడమటి కనుమల నుంచి తూర్పు కనుమల వరకు, రాయలసీమ, నల్లమల అడవుల్లో కూడా ఇది కనిపిస్తుంది. దేశానికి తూర్పు భాగంలో ఈ జాతికీ, ఉత్తరాది ఎర్ర అడవి కోడికీ గోదావరి నదిని స్థూలంగా హద్దుగా చెబుతారు. యానాం ఆ నది చివర ఉంది.

మెడ ఈకల మీది పసుపు చుక్కలే ఈ పక్షికి ముప్పు తెచ్చాయి. చేపలు పట్టే గాలాలకు పురుగులా కనిపించే ఎరలు కట్టడానికి ఆ ఈకలకు విదేశాల్లో గిరాకీ ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు దీనికి రక్షణ ఉంది. చట్టం ఆపలేని మార్పు ఇంకొకటి నిశ్శబ్దంగా జరుగుతోంది. అడవి కోడి జన్యువులు పెంపుడు కోడిలోకి వచ్చినట్టే, పెంపుడు కోడి జన్యువులు కూడా అడవి కోడిలోకి చేరాయని 2020లో వెలువడిన జన్యుపటాల అధ్యయనం గుర్తించింది. అడవి అంచు పల్లెల్లో పెరటి కోళ్లు పగలంతా మేసే పొదల్లోకే అడవి కోళ్లూ ధాన్యపు గింజల కోసం వస్తుంటాయి.